మా పొయ్యంతా మామూలింగ్లీషే సార్

పద్యాలు గట్టిగా చదివి నలుగురు పిల్లలను పస్తుంచిన ఇంగ్లీషు టీచరు, నాకు తెలిసినంతలో, నేనొక్కడినే. పైగా వాళ్ళ ముఖాలు పీక్కుపోవడం చూసి, కవిత్వం ఎంత లోతుకు దిగిందో కదా అని మురిసిపోయాను. దిగిన మాట నిజమే. కడుపులో ఇంకేమీ లేదు కాబట్టి దానికి బోలెడంత చోటు దొరికింది.

కొత్తగా పంతుళ్ళవుతున్న కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని పాఠం ఏదో చెప్పమంటారు. నేను చెప్పిన పాఠాలన్నీ నా పిల్లలు పరీక్ష రాసి బయటికి వస్తూనే మరిచిపోయారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. నేను నేర్చుకున్న పాఠం ఒకటి మాత్రం ఇంకా గుర్తుంది. అదీ పొగ వాసనతో గుర్తుంది.

మద్రాసు రాష్ట్రం ఇంకా చీలని రోజులు. పేరు వెనక బియ్యే, బీటీ అని రెండు తోకలు తగిలించుకుని, బొగ్గుతో నడిచే బస్సెక్కి ఉదయగిరిలో దిగాను. హైస్కూల్లో ఇంగ్లీషు అసిస్టెంటు ఉద్యోగం. తెల్లచొక్కా వేసుకుని బయలుదేరినవాడిని ఏ రంగు చొక్కాతో దిగానో చెప్పను. మీరు బొగ్గుల కాంట్రాక్టరా అని హెడ్మాస్టరు గారు నన్ను అడగలేదు గానీ, అడిగినట్టే చూశారు.

ఆ ఏడు ఐదో ఫారంలోకి, అంటే ఇప్పటి పదో తరగతిలోకి, వచ్చే పిల్లలకు ఇంగ్లీషులో రెండు దారులు పెట్టారు. ఒకటి సాహిత్యం, అంటే పద్యాలు, కథలు, నాటకాలు. రెండోది మామూలు ఇంగ్లీషు, అంటే ఉత్తరాలు, అర్జీలు, వ్యాకరణం. ఎవరికి ఏది కావాలో పిల్లలే తేల్చుకుని పేరివ్వాలి. సాహిత్యం నాకు అప్పగించారు. కాలేజీ రోజుల నుంచీ నేను కన్న కల అదొక్కటే. ఒక గది, అందులో కొందరు పిల్లలు, నా చేతిలో ఒక పద్యం, ఆ పద్యంలో పరీక్షకు పనికొచ్చేది ఏమీ లేకపోవడం.

హెడ్మాస్టరు గారు మంచివారే గానీ ఆయన టైంటేబిలు మంచిది కాదు. పగటి పీరియడ్లలో ఎక్కడా చోటు లేదు కాబట్టి, సాహిత్యం క్లాసు పొద్దున మొదటి గంట కొట్టకముందే, మూలగదిలో జరగాలన్నారు. తగినంతమంది చేరకపోతే క్లాసే ఉండదన్నారు. చేరినవాడు వారంలో ఒక్కరోజు తప్పినా పేరు కొట్టేసి మామూలు ఇంగ్లీషుకు పంపిస్తానన్నారు. క్లాసు లేకపోతే నాకు మిగిలేది ఒకటో ఫారం భూగోళం. పద్యం చేతిలో పెట్టుకుని నిలబడాలనుకున్నవాడిని గ్లోబు పట్టుకుని నిలబడాలి.

మామూలు ఇంగ్లీషు చెప్పేది నాకంటే చాలా పెద్దవారు. సొంతూరు ఆత్మకూరు. ఉదయగిరిలో ఒంటరిగా గది తీసుకుని, తన వంట తనే వండుకునేవారు. అందరూ ఆయన్ని ఆత్మకూరు సారనేవారు. ఎండాకాలంలో కూడా నల్లకోటు విప్పరని ప్రతీతి. నేను చేరిన మొదటి రోజే నన్ను తేరిపార చూశారు.

"ఏంది అబ్బయ్యా, సాహిత్యమా? మంచిదే. కాకపోతే సాహిత్యం చదివినోడికి ఉద్యోగ రాహిత్యం. అది గుర్తు పెట్టుకో."

"ఒక్క అక్షరమే కదా సార్ తేడా" అన్నాను.

"ఆ ఒక్క అక్షరానికే గవర్నమెంటోడు జీతమిచ్చేది."

ఆయన దృష్టిలో ఇంగ్లీషంటే పనిముట్టు. శనివారం సాయంత్రం ఆత్మకూరు బస్సు కోసం నిలబడినప్పుడు చూడాలి ఆయన దర్జా. నెల్లూరు నుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చే ఇంగ్లీషు పేపరు విప్పి, చుట్టూ మూగిన రైతులకు మద్రాసులో వేరుశనగ ధర, ఆముదాల ధర, పత్తి ధర చదివి తెలుగులో చెప్పేవారు. అది విన్నాకే రైతులు కాయలు అమ్మాలా, ఆపాలా అని తేల్చుకునేవాళ్ళు. ఒక శనివారం నాకూ ఉత్సాహం వచ్చి, ధరలు అయిపోగానే ఒక ఇంగ్లీషు పద్యం అందుకున్నాను. రైతులు శ్రద్ధగానే విన్నారు. చివర్లో ఒక పెద్దాయన అడిగాడు.

"ఈ చిన్నయ్యోరు చదివింది ఏ ఊరి మార్కెట్టుదయ్యా?"

"అది ధర లేని సరుకులేప్పా" అన్నారు ఆత్మకూరు సార్. అని, బస్సెక్కుతూ నా వైపు తిరిగారు. "నీ పద్యం ఈ పేపర్లో ధర పలికిననాడు చెప్పబ్బయ్యా. ఆపొద్దు కూచోని వింటా."

ఆ మాట నా లోపల ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. కాళ్ళలో దిగిన ముల్లయితే నడక చెబుతుంది. ఈ ముల్లు బయటికి కనపడలేదు.

ఊళ్ళో పిల్లలు కొందరు సాహిత్యానికి పేరిచ్చారు. హెడ్మాస్టరు గారు అడిగినదానికి నలుగురు తక్కువయ్యారు. సరిగ్గా నలుగురే నాకు కనపడుతున్నారు కూడా. మర్రిపాడు వైపు నుంచి వచ్చిన పిల్లలు. గొర్రెలూ మెట్టచేలూ ఉన్న ఇళ్ళవాళ్ళు. స్కూలు వెనక గోడకు ఆనించి వేసిన వసారా ఒకటి అద్దెకు తీసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న రాగిపిండీ ఊరగాయలతో కలిసి వండుకు తినేవాళ్ళు. వాళ్ళలో పొడుగువాడు ఒకడుండేవాడు. మాట తక్కువ, చెవి ఎక్కువ. పద్యం చదివితే వాడి తల చిన్నగా ఊగేది. వాడు నా క్లాసులో ఉండాలని ఎంత కోరుకున్నానో, నా పెళ్ళిచూపుల్లో కూడా అంత కోరుకోలేదు.

"నువ్వు సాహిత్యం తీసుకోకూడదట్రా?" అన్నాను ఒకరోజు.

వాడు మిగతా ముగ్గురి వైపు చూశాడు. "మా పొయ్యంతా మామూలింగ్లీషే సార్."

"నేను పొయ్యిని అడగలేదు. నిన్నడిగాను."

"అంతా ఒకటే పొయ్యి గదా సార్" అన్నాడు, నాకేదో అర్థమై ఉండాలన్నట్టు.

నాకేమీ అర్థం కాలేదు. కాఫీ హోటల్లో రెండు పూటలా ఎవరో వండి వడ్డించినది తినే మనిషికి పొయ్యి గురించి ఏం తెలుస్తుంది? ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు కాబట్టి మందలాగా ఒకే వైపు నడుస్తున్నారు, వీళ్ళకు అభిరుచి చూపిస్తే దారికొస్తారు అనుకున్నాను. ఎందుకు వద్దో మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేవాళ్ళూ కాదేమో. తమ వంట సంగతి సార్ల ముందు ఎత్తడానికి వాళ్ళకు సిగ్గు.

ఒక ఆదివారం పొద్దున్నే ఆ నలుగుర్నీ వెంటబెట్టుకుని దుర్గం కొండెక్కాను. సగం కూలిన కోటగోడ నీడలో కూర్చోబెట్టాను. కింద ఊరంతా అగ్గిపెట్టెలు పేర్చినట్టు కనిపిస్తోంది. వాళ్ళకు దగ్గరగా ఉంటుందని గొర్రెలకాపరి పద్యం ఒకటి ఎంచుకున్నాను. తప్పిపోయిన గొర్రె కోసం కొండ మీద కాపరి పిలుస్తూ తిరుగుతాడు. చివరి పాదానికి ముందు పాదంలో, ఎక్కడో పొదల వెనక ఆ గొర్రె ఒక్కసారి తలెత్తి చూస్తుంది. అంతే. అది వచ్చిందో లేదో కవి చెప్పడు.

చదవడం ముగించి, తెలుగులో చెప్పి, వాళ్ళ ముఖాల్లోకి చూశాను. పొడుగువాడు నోరు తెరిచాడు.

"ఆ గొర్రెకు పేరు లేదా సార్?"

"కవి చెప్పలేదురా."

"పేరు పెట్టి పిలిస్తేనే గదా సార్ తలెత్తేది. ఊరికే కూతలేస్తే ఏ గొర్రె చూస్తాది? వాడు పిలిచినాడు, పద్యంలో రాయలేదంతే."

నాకు ఒళ్ళు పులకరించింది. కాలేజీలో మాకు పాఠం చెప్పిన పెద్దలెవరూ ఆ మాట అనలేదు. ఆ ఊపులో ఇంకో పద్యం అందుకున్నాను. తరువాత ఇంకొకటి. వాళ్ళు కింద ఊరి బావి వైపు చూస్తున్నారు, ప్రకృతిని చూస్తున్నారనుకున్నాను. "ఇంక దిగుదామా సార్" అని రెండుసార్లు అడిగారు. కవిత్వాన్ని తట్టుకోలేకపోతున్నారనుకున్నాను. ఎండ నడినెత్తికి వచ్చాక వదిలితే, నలుగురూ మేకపిల్లల్లా పరుగెత్తి దిగిపోయారు.

ఆ మధ్యాహ్నం ఆత్మకూరు సారు గదికి వెళ్ళి గొప్పగా చెప్పాను. ఏదో పనిబడి ఆ వారం ఆయన ఊరికి పోలేదు.

"పిల్లలు కరిగిపోయారు సార్. నోట మాట లేదు."

"ఏ వేళకు దిగినారు?"

"ఎండ నెత్తి మీదికి వచ్చింది సార్, మాకు తెలియనే లేదు."

ఆయన వెంటనే లేచారు. అప్పుడే దించిన అన్నం గిన్నెకు గుడ్డ చుట్టి, కోటు తొడుక్కుని, "కూచో, వస్తా" అని ఎటో వెళ్ళిపోయారు. చాలాసేపు కూర్చుని, ఈయనకు కవిత్వమంటే ఇంత అసూయా అనుకుని నా దారిన నేను వచ్చేశాను.

పేర్లిచ్చే చివరి రోజున, హెడ్మాస్టరు గారు భూగోళం పుస్తకం నా బల్ల మీద పెట్టించిన తరువాత, ఆ నలుగురూ వచ్చారు.

"మా పొయ్యి సాహిత్యం సార్" అన్నాడు పొడుగువాడు.

దుర్గం మీద నా గొంతు పనిచేసిందన్నమాట. ఆ గర్వంతో నేరుగా ఆత్మకూరు సారు దగ్గరికి పోయాను. "మీ పొయ్యి నా వైపు తిరిగింది సార్."

"సంతోషం అబ్బయ్యా" అన్నారు. అంతకుమించి ఏమీ అనకపోవడం నాకు కొంచెం నిరాశగానే అనిపించింది. గెలిచినవాడికి ఎదుటివాడి ఏడుపు కూడా కావాలి.

ఆ క్లాసు గురించి ఎలా చెప్పను? తెల్లారి చల్లదనం ఇంకా నేల మీద ఉండేది. బడి ఆవరణలో ఎవరూ ఉండేవారు కాదు. మూలగదికి కిటికీ లేదు, వెనక గోడలో పైన గాలి కోసం వదిలిన కంత ఒకటి, అంతే. అందులోంచి ఎండ పలకంత ముక్క లోపలికి వచ్చి, పాఠం నడిచే కొద్దీ ఒక పిల్లవాడి భుజం మీది నుంచి ఇంకో పిల్లవాడి భుజం మీదికి జరిగేది. నాటకం చదివేటప్పుడు ఆ ఎండముక్క ఎవరి మీద పడితే వాళ్ళు రాజు. పొడుగువాడు రాజైన రోజున, సింహాసనం పోతున్నా సరే, ముందు గొర్రెలను ఎవరికి అప్పగించాలని అడిగాడు. గొర్రెలకాపరి పద్యమైతే వాళ్ళు అడిగినప్పుడల్లా మళ్ళీ చదివేవాణ్ణి. తరువాత చాలా ఊళ్ళలో, చాలా క్లాసుల్లో అలాంటి పొద్దు కోసం వెతికాను. కిటికీలున్న గదులు దొరికాయి గానీ ఆ ఎండముక్క దొరకలేదు.

ఒక్కటే ఇబ్బంది. ఆ కంతలోంచి ఎండతో పాటు పొగ కూడా వచ్చేది. ఒకనాడు నాటకంలో తల్లి చనిపోయే ఘట్టం చదువుతున్నాను. పిల్లలందరి కళ్ళలో నీళ్ళు. అవి నా చదువుకు వచ్చాయో, పచ్చికంప పొగకు వచ్చాయో తేల్చుకోలేక నాకు కోపం వచ్చింది. క్లాసు వేళకే పొయ్యి ముట్టించేది ఎవరో కనుక్కుందామని లేచాను. ఆ నలుగురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"వద్దు సార్. పొగ తగ్గిపోతాది సార్" అన్నాడు పొడుగువాడు.

వినకుండా గోడ చుట్టి వెనక వసారాలోకి వెళ్ళాను. నల్లకోటు చిలక్కొయ్యకు వేలాడుతోంది. ఆత్మకూరు సార్ బనీనుతో, పంచె ఎగగట్టి, పొయ్యి ముందు గొంతుకూర్చుని, ఉదయగిరి వడ్రంగులు చెక్కిన పొడుగాటి కొయ్యతెడ్డుతో సంగటి కెలుకుతున్నారు. కోటు లేకుండా ఆయన్ని చూడటం అదే మొదటిసారి. పొగకు కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏం అబ్బయ్యా, ఆమె సచ్చిపోయిందా, ఇంకా ఉండాదా?" అన్నారు తెడ్డు ఆపకుండా.

ఎప్పటి నుంచి అని అడిగాను.

"పేర్లిచ్చినకాడ్నుంచి. అందరికీ తెలుసులే. హెడ్మాస్టరుకూ తెలుసు. నీకొక్కడికే తెల్దు."

అప్పుడు చెప్పారు సంగటి సంగతి. ఊరి మంచినీళ్ళ బావిలో ఊట తక్కువ. పొద్దున్నే ఇళ్ళవాళ్ళు తోడుకుని, నీళ్ళు మళ్ళీ ఊరితే గానీ ఈ పిల్లల కడవకు వంతు రాదు. ఆ నీళ్ళు వచ్చి సంగటి ఉడికే వేళే నా సాహిత్యం వేళ. నలుగురిలో రోజుకొకడు పొయ్యి దగ్గర ఉండి తీరాలి. ఉన్నవాడికి ఆ రోజు క్లాసు పోతుంది. వారం తిరిగేసరికి, హెడ్మాస్టరు గారి లెక్క ప్రకారం, పొయ్యికి పొయ్యి మామూలు ఇంగ్లీషులో ఉంటుంది. వాళ్ళకు లేనిది అభిరుచి కాదు. కావలసింది రుచి కూడా కాదు, ఉత్త కూడు.

"దుర్గం ఎక్కించినావే ఆ ఆదివారం, నీళ్ళ వంతు తప్పిపోయి కడవ బోర్లేసుకోని కూచోని ఉండారు. నేను పోయేతలికి ముఖాల్లో ప్రాణం లేదు. అన్నం పెట్టి అడిగితే అప్పుడు చెప్పినారు."

"నాకు చెప్పకపోయారా సార్?"

"చెప్తే ఏం చేస్తావు? పొయ్యికాడ నువ్వు కూచుంటే వాళ్ళకు పద్యం చెప్పేదెవురు? నాకు రాదు గదా."

"మీకెందుకు సార్ ఇంత శ్రమ? మీరు సాహిత్యం వద్దనేవారు కదా."

ఆయన తెడ్డుకు అంటిన సంగటిని గిన్నె అంచుకు గీరారు. పొయ్యిలోకి ఒక కంపపుల్ల తోశారు.

"నేనూ ఇట్టనే వండుకోని చదివినాను అబ్బయ్యా. మా అయ్యవారూ పొద్దున్నే చెప్పేవారు, పద్యాలు. నా పొయ్యికాడ ఎవురూ కూచోలే." అని, నేను ఇంకేమీ అడక్కుండా, "పో పో, అక్కడ ఆమెను సగం ప్రాణంతో వదిలేసొచ్చినావు" అన్నారు.

వెళ్ళి ఆ తల్లిని చంపాను.

రెండేళ్ళు నడిచింది ఆ పొయ్యి, ఆ క్లాసు. నలుగురూ ఆరో ఫారం గట్టెక్కారు. పొడుగువాడు తరువాత అదే బస్సుల్లో కండక్టరయ్యాడు. నన్ను చూస్తే టిక్కెట్టు కొట్టే ముందు ఒక పద్యపాదం అప్పజెప్పేవాడు. సాహిత్యం వాళ్ళకేం ఇచ్చిందని ఎవరైనా అడిగితే, నా దగ్గర అంతకుమించి సాక్ష్యం లేదు. నన్ను వేరే ఊరికి వేశారు. అక్కడ సాహిత్యానికి పట్టపగలు పీరియడ్లు, పొగ చొరని గదులు. పద్యం మధ్యలో ఆగి గాలి పీల్చేవాణ్ణి. పొగ లేని పద్యం నాకు ఉప్పు లేని కూరలా ఉండేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కొన్నేళ్ళకు నాకు ఆత్మకూరుకే బదిలీ అయింది. అప్పటికి ఆయన రిటైరై ఇంటిపట్టున ఉన్నారు. రెండు కళ్ళకూ శుక్లాలు. "లోకమంతా మా పొయ్యి పొగలో ఉన్నట్టుండాదబ్బయ్యా" అన్నారు నన్ను గొంతుతో గుర్తుపట్టి. ఆ కొయ్యతెడ్డు వంటింటి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతోంది. అనంతసాగరం నుంచీ చేజర్ల నుంచీ బజారుకు వచ్చిన రైతులు ఇప్పటికీ ధరల కోసం ఆయన అరుగు ముందు ఆగుతున్నారు. పేపరుంది, చదివే కళ్ళే లేవు. సాయంత్రాలు వెళ్ళి ఆ కళ్ళు నేనయ్యాను. ధరలు తప్ప ఇంకేమీ చదవనిచ్చేవారు కాదు. నేను ఏదైనా పద్యం మాట ఎత్తితే, "ముసలోడికి ఎందుకులేబ్బయ్యా అవన్నీ" అని తోసేసేవారు.

బస్సుల దగ్గర ఆయన అన్న మాట నాలో అలాగే ఉంది. ఒక సాయంత్రం చినుకులు పడుతున్నాయి, రైతులెవరూ రాలేదు. బియ్యం ధర చదివాను. వేరుశనగ ధర చదివాను. గుక్క తిప్పుకోకుండా, అదే గొంతుతో, అదే మార్కెట్టు ధోరణిలో, గొర్రెలకాపరి పద్యం మొదలుపెట్టాను.

ఆయన గడ్డం కర్ర మీద ఆనించి వింటున్నారు. రెండు పాదాలు గడిచాక, మోకాలి మీది కుడిచెయ్యి మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. సంగటి కెలికే చెయ్యి అది. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు, పొగ లోపలికి వచ్చిన కంతలోంచే నా గొంతు బయటికి పోయి ఉంటుందని. ఆ తలపులో తడబడి చివరి పాదానికి వచ్చేశాను. చెయ్యి టక్కున ఆగింది.

"నిలుపు. గొర్రె తలెత్తి చూసేది యాడబోయింది?"

నిజంగానే ఆ పాదం నాకు గుర్తు రాలేదు. "పేపర్లో అంతే ఉంది సార్" అన్నాను.

"పేపరోడు గొర్రెను మింగేసినాడా? మొదట్నుంచి చదువు."

"ధర పలికిననాడు వింటానన్నారు కదా సార్."

"పలికింది గదబ్బయ్యా ఇప్పుడు. చదువు."

"ఉండండి సార్. ఆముదాల ధర ఇంకా మిగిలి ఉంది, ముందు అది కానివ్వండి" అని, పేపరు సర్దుకుని, ఏ ఊళ్ళో ఎంతో, నిన్న ఎంతో, మొన్న ఎంతో, ఒక్కొక్కటే నిదానంగా చదివాను. ఆయన కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టారు. ఆముదాలు అయ్యాక, అడగకపోయినా, పత్తి ధర కూడా చదివాను.